చంపావతి ఒడ్డున గజపతినగరం

విజయనగరంలో సాలూరు బస్సెక్కితే గొట్లాం, బొండపల్లి దాటాక గజపతినగరం వస్తుంది. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. బస్సు ఆగుతుంది, కొందరు దిగుతారు, కొందరు ఎక్కుతారు, మళ్లీ మానాపురం, రామభద్రపురం వైపు సాగిపోతుంది. కొండల మీది కోరాపుట్‌కో, కింద విశాఖపట్నానికో పోయేవాళ్లకు ఈ ఊరు దారిలో ఒక స్టాపు, అంతే. కోటలు చూడాలంటే విజయనగరం పోవాలి, వీరగాథ వినాలంటే బొబ్బిలి పోవాలి, ఇక్కడేముంది చూడ్డానికి అనే మాట ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ల నోటే వింటుంటాం.

ఆ మాట నాకు మింగుడు పడదు. ఇక్కడున్నది నాలుగు బురుజుల మధ్య ఇమిడిపోయే వారసత్వం కాదు. ఒక ఏరు, ఒక రోడ్డు, ఒక రైలుమార్గం వెంట ఊళ్లూళ్లుగా పరచుకుని ఉంది. ఏటి వెంట నడిస్తే బౌద్ధ భిక్షువుల విహారాలు, జైన తీర్థంకరులు, కళింగ శైలి గుళ్లు వస్తాయి. రోడ్డు వెంట నడిస్తే ఉప్పు బస్తాలు మోసిన ఎడ్ల బిడారుల దారి, పశువుల సంత తగులుతాయి. గజపతినగరం ఈ దారులన్నీ కలిసేచోట కూర్చుంది. దాన్ని విడిగా చూస్తే ఒక మామూలు మండల కేంద్రం. చుట్టూ ఉన్న ఊళ్లతో కలిపి చూస్తే ఉత్తరాంధ్ర చరిత్రలో ఇక్కడ పడని పుట తక్కువ.

ఊరి పేరులోని గజపతి కళింగాన్నేలిన రాజుల బిరుదు. తర్వాత విజయనగరాన్నేలిన పూసపాటివారి పేర్ల చివర చేరింది. ఇంగ్లీషువాళ్ల హయాంలో గజపతినగరం విశాఖపట్నం జిల్లాలో ఒక తాలూకా. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు విశాఖ జిల్లా నుంచి వచ్చిన తాలూకాల్లో ఇదొకటి. 1985లో మండలాలు వచ్చాక పాత తాలూకా ముక్కలైంది. మెంటాడ, బొండపల్లి, దత్తిరాజేరు ఎవరి మండల కార్యాలయం వారిదిగా విడిపోయాయి. కానీ పెళ్లి సంబంధాలకూ, సంతలకూ, జాతరలకూ మండలాల గీతలు అడ్డం రావు. కాబట్టి ఈ కథనంలో గజపతినగరం అంటే ఆ పాత తాలూకా నేల, దాని మీదుగా పారే చంపావతి దారి అనుకోండి.

చంపావతి తూర్పు కనుమల్లో, మెంటాడ మండలం ఆండ్ర దగ్గరి కొండల్లో పుడుతుంది. గోదావరి, నాగావళి పక్కన పెడితే చిన్న ఏరు. వానాకాలంలో ఎర్రటి నీటితో ఒడ్లు ఒరుసుకుంటూ పారుతుంది, ఎండాకాలంలో ఇసుక మీద పాయలు పాయలుగా సన్నబడిపోతుంది. దారిలో ఎన్నో గెడ్డల్ని కలుపుకుంటూ గజపతినగరం, నెల్లిమర్ల, డెంకాడ మీదుగా వెళ్లి కోనాడ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పుట్టుక నుంచి సముద్రం దాకా మొత్తం ప్రయాణం ఒక్క విజయనగరం జిల్లాలోనే. కొండ నుంచి కడలి దాకా ఒకే జిల్లా మనుషులు తాగే, పండించుకునే, పండగ స్నానాలు చేసే నీళ్లివి.

ఆండ్ర పేరు ఇప్పుడు రిజర్వాయరు వల్ల వినబడుతోంది గానీ, ఒకప్పుడు అదో జమీ. విజయనగరం, బొబ్బిలి, జయపురం వంటి పెద్ద సంస్థానాల నడుమ కొండ అంచున కురుపాం, మేరంగి, సాలూరు, పాచిపెంట, ఆండ్ర అంటూ ఎన్నో చిన్నాపెద్దా జమీలు ఉండేవి. మైదానానికీ మన్యానికీ మధ్య ఉన్న ఘాట్ దారుల ముఖాన కూర్చున్న ఊళ్లివి. కొండ మీది నుంచి చింతపండు, పసుపు, తేనె, కర్ర దిగాలన్నా, కింది నుంచి ఉప్పు, బట్ట ఎక్కాలన్నా ఈ అంచులు దాటక తప్పదు.

అదే మెంటాడ మండలంలో జయతి ఉంది. గజపతినగరం నుంచి మెంటాడ దాకా పది పన్నెండు కిలోమీటర్లు, అక్కణ్నుంచి లోపలికి. జయతిలో మల్లికార్జునుడి పేరా, రాజరాజేశ్వరి పేరా పాత రాతిగుళ్లున్నాయి. వెయ్యేళ్లు పైబడినవని చరిత్రకారుల లెక్క. ఉత్తర కళింగంలోని పెద్ద ఆలయాల్లాంటి ఎత్తు, విస్తారం వీటికి లేవు. మనిషి దగ్గరగా వెళ్లి, మెడ పెద్దగా ఎత్తకుండానే చూడగల గుళ్లు. నాకు వీటిలో నచ్చేది అదే. పెద్ద గుడిలో శిల్పం మనకు అందదు, పూజారి పిలిచేలోపు జనం ముందుకు తోస్తారు. ఇక్కడ రాతి మీద ఉలి ఏ వైపు నుంచి నడిచిందో వేలితో తడిమి తెలుసుకోవచ్చు. ఈ ఊరికి జైనంతో కూడా పాత సంబంధం ఉందని చెబుతారు. నెల్లిమర్ల దగ్గరి రామతీర్థం కొండల మీది జైన శిల్పాలు చూశాక ఆ మాట నమ్మడం కష్టమనిపించదు.

ఇక రోడ్డు సంగతి. ఇప్పుడు ఇరవయ్యారో నంబరు జాతీయ రహదారి అంటున్నాం, మొన్నమొన్నటి దాకా నలభైమూడో నంబరు. అంకెలు మారాయి గానీ దారి మాత్రం పాతదే. సాలూరు దాటి, సుంకి ఘాటెక్కి, పొట్టంగి మీదుగా కోరాపుట్, జయపురం, ఆ పైన బస్తరు. లారీలు రాకముందు ఈ దారిన బ్రింజారీలనే సంచార వర్తకులు నడిచారు. సముద్రతీరపు ఉప్పుమళ్ల నుంచి ఉప్పు కొని, ఎడ్ల వీపుల మీద గోతాలు వేసుకుని, పిల్లాజెల్లాతో సహా మందలు మందలుగా కొండలెక్కేవారు. బస్తరు అడవుల్లో మనిషికి ఉప్పు దొరకడం అంటే ఈ ఎడ్లు ఘాటు దాటి రావడమే. తిరుగు దారిలో ధాన్యం, అడవి సరుకు దిగేది. విశాఖపట్నం జిల్లా మీద కార్మైకేల్ 1869లో మాన్యువల్ రాశాడు, ఫ్రాన్సిస్ 1907లో గెజిటీరు రాశాడు. ఈ దారులూ, సంతలూ, జమీలూ గురించి వెతికే ఎవరైనా మొదట తిరగేయాల్సిన పుస్తకాలు ఆ రెండే. సాలూరులో ఇంటింటికీ లారీ అన్నంతగా లారీల వ్యాపారం పెరగడం వెనక కూడా ఈ ఘాటుదారి ఉంది. ఎడ్ల బిడారు పోయి లారీ వచ్చింది, మోసే పని అదే.

రైలు ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో వచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 79 కిలోమీటర్ల లైను 1908-09లో తెరిచింది. గజపతినగరానికి రైలు కూత అప్పుడు పరిచయమైంది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు కొస లైను వేశారు. పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా కొండల్ని తొలుచుకుంటూ పోయిన మిగతా భాగం 1931లో పూర్తయింది. దాని అవసరం విశాఖ రేవుతో ముడిపడినది. మధ్య పరగణాల ఖనిజం, ధాన్యం సముద్రానికి చేరాలి. 1933లో విశాఖపట్నం హార్బరు తెరుచుకునే నాటికి లైను సిద్ధంగా ఉంది. అంతటి పెద్ద లెక్కలో గజపతినగరం ఒక చిన్న స్టేషను మాత్రమే కావచ్చు. కానీ తెల్లారగట్ల పాసింజరు పట్టుకుని విజయనగరం కాలేజీకి పోయి చదువుకున్న తరాలకు ఆ స్టేషనే ఊరి సింహద్వారం. మహారాజా కాలేజీ, సంస్కృత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన సంగీత కళాశాల — ఇవన్నీ విజయనగరంలో ఉన్నాయి సరే, వాటి విద్యార్థులు వచ్చింది ఇలాంటి స్టేషన్ల నుంచే కదా.

వారసత్వం అంటే రాతికట్టడాలే అనుకునేవారు ఒకసారి మానాపురం సంతకు వెళ్లాలి. దత్తిరాజేరు మండలం పెదమానాపురంలో జరిగే పశువుల సంత ఉత్తరాంధ్రలో పేరుమోసినది. ట్రాక్టర్లు దుక్కి దున్నడం మొదలెట్టాక ఎడ్ల సంఖ్య తగ్గింది గానీ సంత నడక మారలేదు. బేరం చూడండి. దళారి తుండుగుడ్డ పరుస్తాడు, దాని కింద కొనేవాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ కలుస్తాయి. వేళ్లు పట్టి నొక్కుతారు. ఒక్కో వేలికి ఒక్కో లెక్క. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ధర ఎంత దాకా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఈలోగా కొనేవాడి వెంట వచ్చిన పెద్దమనిషి ఎద్దు పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు. పాలపళ్లా, రెండు పళ్లేసిందా, నాలుగా, ఆరా. రెండేళ్లు దాటాక మొదటి జత పెద్దపళ్లు వస్తాయి, అక్కణ్నుంచి జతలు లెక్కపెట్టి వయసు చెప్పేస్తారు. తర్వాత సుడులు. వీపు మీదా, నుదుటి మీదా వెంట్రుకలు తిరిగిన తీరు చూసి ఫలానా సుడి ఇంటికి మంచిది, ఫలానాది కాదంటారు. చివరికి నాలుగడుగులు నడిపించి కాలు ఎత్తేసే తీరు చూస్తారు. ఈ చదువుకు బడి లేదు, పుస్తకం లేదు. సంత ఆగిపోతే అది కూడా అక్కడితో ఆఖరు.

గోగు పంట కథా అలాంటిదే. గజపతినగరం, బొండపల్లి, మెంటాడ పొలాల్లో ఒకప్పుడు ఎటు చూసినా గోగు. పూత దశకు వచ్చాక మొదళ్లకు కోసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా చేలోనే నిలబెట్టి, తర్వాత చెరువులోనో గెడ్డలోనో నీళ్లలో ముంచి పైన బరువు పెడతారు. రెండు వారాలు అటూ ఇటూగా ఊరాక బెరడు మెత్తబడుతుంది. మొలలోతు నీళ్లలో నిలబడి, ఒక్కో కాడా చేతిలోకి తీసుకుని, పీచు ఊడదీసి, నీళ్ల మీద జాడించి కడుగుతారు. ఆ రోజుల్లో చెరువు గట్టు మీదికి పోతే ముక్కు మూసుకోవాల్సిందే. కానీ దండేల మీద ఆరబెట్టిన నార ఎండకు మెరుస్తుంటే కళ్లు తిప్పుకోలేం. ఆ నార ఎక్కువగా పోయేది జూట్‌మిల్లులకు. నెల్లిమర్ల జూట్‌మిల్లు 1920 నాటిది, నూరేళ్లు దాటింది. ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, కూలి పెరిగింది, నీళ్లు తగ్గాయి. గోగు చేలు మొక్కజొన్నకో మరో పంటకో మళ్లాయి. ఆ మిల్లు చరిత్రలో 1994 జనవరి 29 కూడా ఉంది. తమ బతుకు కోసం రోడ్డెక్కి, రైలుపట్టాలెక్కిన కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగి ఐదుగురు చనిపోయారు. రాజుల యుద్ధాలకు స్తంభాలు కట్టుకున్న జిల్లా ఇది. ఆ ఐదుగురినీ కూడా ఈ నేల చరిత్రలో గౌరవంగా చెప్పుకోవాలి.

యుద్ధాల మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. విజయనగరానికీ బొబ్బిలికీ నడుమ పరచుకున్న నేల ఇది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట ముందు జరిగిన యుద్ధమూ, ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు పూసపాటి విజయరామరాజును డేరాలో పొడిచి చంపినదీ తెలియని తెలుగువాడు ఉండడు. 1891లో బొబ్బిలి రాజులు యుద్ధస్థలంలో స్మారకస్తంభం నిలిపారు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యానికి ఎదురు నిలిచి చిన విజయరామరాజు ప్రాణాలొదిలాడు. బుర్రకథలూ సినిమాలూ బొబ్బిలిని ఇంటింటికీ చేర్చాయి. పద్మనాభానికి ఆ అదృష్టం పట్టలేదు. కంపెనీ మీద తిరగబడి యుద్ధభూమిలో పడిపోయిన రాజు కథను మన పిల్లలు ఇంకొంచెం గట్టిగా చదువుకోవాలని నా కోరిక.

మళ్లీ ఏటి దగ్గరికి వద్దాం. చంపావతి గజపతినగరం దాటి కిందికి దిగాక నెల్లిమర్ల మండలం సారిపల్లి వస్తుంది. అక్కడ 1965-68 మధ్య ఆనకట్ట కట్టారు. పేరు డెంకాడ ఆనకట్ట, ఉన్నది సారిపల్లి దగ్గర, తడిపేది ఐదువేల ఎకరాల పైచిలుకు. అదే ఊళ్లో దిబ్బిలింగేశ్వరాలయం ఉంది. కళింగ శైలి శిఖరం. ద్రావిడ గోపురాల్లా అంతస్తులుగా కాకుండా, కింది నుంచి నిలువు గీతలుగా లేచి పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతుంది. శ్రీముఖలింగం చూసినవాళ్లకు ఈ తీరు వెంటనే పట్టుబడుతుంది. ఒడిశాలో భువనేశ్వరం దాకా వెళ్లే ఒక పెద్ద శిల్ప సంప్రదాయం మన చంపావతి ఒడ్డున కూడా చెయ్యి వేసిందని చెప్పే గుడి ఇది. ఉత్తరాంధ్ర గుళ్లు తమిళ గోపురాల్లా లేవేమిటని అడిగే యాత్రికులు ఉంటారు. ఇది కళింగం కాబట్టి.

ఆ కిందే, నెల్లిమర్లకు చేరువలో, రామతీర్థం. ఈ ప్రాంతంలో ఒక్కచోటుకే వెళ్లే వీలుంటే ఇక్కడికే వెళ్లమంటాను, అదీ ఒక పూట మొత్తం పెట్టుకుని. శ్రీరామనవమికీ శివరాత్రికీ ఇసుకేస్తే రాలని జనం. రాముడి గుడిలో శివరాత్రి ఇంత గొప్పగా జరగడం ఈ క్షేత్రం ప్రత్యేకత. చాలామంది దర్శనం చేసుకుని, కొండ కింద జాతర తిరిగి, వెనక్కి బస్సెక్కేస్తారు. అసలు రామతీర్థం చుట్టూ ఉన్న మూడు కొండల మీద ఉంది: బోడికొండ, దుర్గకొండ, గురుభక్తులకొండ.

గురుభక్తులకొండ ఎక్కడానికి కాళ్లలో కొంత సత్తువ కావాలి. పైన కొండ పక్కగా అరుగులా సాగిన చదునులో బౌద్ధ సంఘారామం ఆనవాళ్లుంటాయి. స్తూపం అడుగు, వెనకభాగం గుండ్రంగా మలిచిన చైత్యగృహాల గోడలు, భిక్షువుల గదుల పునాదులు. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే గత శతాబ్దపు తొలినాళ్లలో ఇక్కడ తవ్వించి ఆ వివరాలు ప్రచురించాడు. ఇక్కడి ఇటుక దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నేటి బట్టీ ఇటుకకు రెండింతలకు మించిన పలక అది. చేత్తో కొలిస్తే జాన దాటిపోతుంది. ఇంత ఇటుకను కింద మైదానంలో కాల్చి, తలల మీద మోసి పైకి చేర్చారంటే కింది ఊళ్లలో ఎంత పంట, ఎంత జనం, ఎంత భక్తి ఉండి ఉండాలి? భిక్షువులు పొలం దున్నరు. కింద ఎవరో పెట్టాలి, పైన వాళ్లు తినాలి. చంపావతి లోయ ఆ రోజుల్లోనే నాలుగు గింజలు మిగిల్చే నేలగా ఉండేదన్న సంగతి ఆ ఇటుకలే చెబుతున్నాయి. కొండరాతిలో నీళ్లు నిలిచే తావులు ఉండటం కూడా ఈ చోటు ఎంచుకోవడానికి కారణం. తవ్వకాల్లో దొరికిన ఒక మట్టి ముద్ర మీద విజయరాజు పేరుతో ఉన్న శైలసంఘం ప్రస్తావన కనబడింది. అంటే ఈ కొండ మీది భిక్షువులకు తమ పేరా సొంత ముద్ర ఉంది. దానపత్రాలు, ఉత్తరాలు, సరుకులు నడిచే ఒక వ్యవస్థ ఇది.

బౌద్ధం వెనకబడ్డాక కొండలు ఖాళీగా ఉండిపోలేదు. జైనులు వచ్చారు. బోడికొండ మీద తీర్థంకరుల రాతి బొమ్మలున్నాయి. దుర్గకొండ గుహలో ఒక శాసనం ఉంది. ఈ మూడు కొండల్లో దేన్ని మరిచినా ఆ శాసనాన్ని మరవకూడదు. వేంగినేలిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలపుది, కన్నడంలో ఉంది. దేశీగణానికి చెందిన జైన ఆచార్యుడు, రాజుకు గురువు అయిన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఇక్కడి రామకొండకు వచ్చి నమస్కరించాడని చెబుతుంది. విమలాదిత్యుడు 1011 నుంచి 1018 దాకా ఏలాడు. తంజావూరు రాజరాజ చోళుడి కూతురు కుందవ ఆయన భార్య. వాళ్ల కొడుకే రాజరాజ నరేంద్రుడు, నన్నయతో భారతం తెలుగు చేయించినవాడు. తండ్రి గురువు జైనుడు, అత్తవారు శైవచోళులు, కొడుకు దగ్గర మహాభారతం. ఆ కుటుంబపు జాడ ఒకటి నెల్లిమర్ల పక్క కొండగుహలో, కన్నడ అక్షరాల్లో, కళింగ దేశంలో ఉంది. రాజమండ్రిలో నన్నయ పేరు చెప్పుకునే మనం రామతీర్థంలో ఆ గుహ ముందు కూడా ఒక్కసారి నిలబడాలి. ఇంకో సంగతి, ఆ పదకొండో శతాబ్దపు శాసనంలోనే ఈ కొండ రామకొండ. జైనాచార్యుడు మొక్కిన కొండకు అప్పటికే రాముడి పేరు.

2020 డిసెంబరులో బోడికొండ మీది కోదండరాముడి విగ్రహాన్ని ధ్వంసం చేశారు. జిల్లా మొత్తం కలత పడింది. రాతితో కొత్త ఆలయం కట్టి 2022 ఏప్రిల్‌లో తెరిచారు. బౌద్ధం, జైనం, వైష్ణవం, శైవం వంతులు వంతులుగా నిలిచిన ఈ కొండలకు రాత్రింబవళ్లూ కాపలా ఉండాలి. అది గుడికి ఎంత అవసరమో గుహలోని శాసనానికీ, చైత్యం ఇటుకకూ అంతే అవసరం.

విజయనగరం పట్నం గురించి ఎందరో రాశారు కాబట్టి త్వరగా దాటేస్తాను. 1713లో పునాది పడ్డ కోట, 1885 నాటి గంటస్తంభం, గురజాడ ఇల్లు, పూసపాటివారి కోరుకొండ ప్యాలెస్‌లో 1962 నుంచి నడుస్తున్న సైనిక్ స్కూలు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ సిరిమాను మాత్రం పట్నానిది కాదు, పల్లెలది. అమ్మవారు పూజారి కలలో కనిపించి చెట్టున్న చోటు చెబుతుందని నమ్మిక. చుట్టుపక్కల ఊళ్లు గాలించి చింతమాను ఎంచుతారు. మా తోటలో మాను తల్లికి పోయిందని చెప్పుకునే కుటుంబానికి అది తరాల గౌరవం.

విజయనగరం రాజులకు ఇంగ్లండుతోనూ ఒక నీళ్ల బంధం ఉంది. 1867లో మూడో విజయరామ గజపతి లండన్ హైడ్ పార్కులో, మార్బుల్ ఆర్చి దగ్గర బాటసారుల కోసం తాగునీటి ఫౌంటెన్ కట్టించాడు. 1964లో దాన్ని తొలగించారు. కానీ అక్కడ అది ఉండేదని చెప్పే గుర్తురాయి పెట్టారు. లేని కట్టడానికి కూడా ఒక రాయి! అదే దేశంలో ప్రముఖులు నివసించిన ఇళ్లకు పలకలు బిగించే పద్ధతి 1866లో మొదలైంది. నికొలాస్ పెవ్స్నర్ అనే కళాచరిత్రకారుడు, మొదట్లో భార్య కారు నడుపుతుండగా, కౌంటీ కౌంటీ తిరిగి పల్లెటూరి చర్చీ నుంచి పెద్ద భవంతి దాకా చూసి రాశాడు. 1951 నుంచి 1974 దాకా 46 సంపుటాలు వెలువడ్డాయి. వారాంతంలో బయల్దేరే మామూలు మనిషి ఆ పుస్తకం చేతబట్టుకుని ఏ ఊరికైనా పోవచ్చు, ఏ గోడ ఏ కాలానిదో అక్కడికక్కడే తెలుసుకోవచ్చు.

మన జిల్లాకు అలాంటి పుస్తకం తెలుగులో కావాలి. మండలానికొక భాగం చాలు. జయతి గుడి, సారిపల్లి శిఖరం, దుర్గకొండ శాసనం, ఆండ్ర జమీ, మానాపురం సంత, నూరేళ్లు దాటిన రైల్వే స్టేషను — ఏదెక్కడ ఉంది, ఎప్పటిది, ఎలా పోవాలి, ఏం చూడాలి. దీనికి లక్షల బడ్జెట్టు అక్కర్లేదు. ఒక్కో హైస్కూలు తన చుట్టూ ఉన్న ఊళ్లు పంచుకుంటే, పిల్లలు తాతల్నీ అవ్వల్నీ అడిగి రాసుకొస్తే, చరిత్ర తెలిసిన మాస్టారు సరిచూస్తే రెండు మూడేళ్లలో సగం పని అవుతుంది. పాత చెరువు పేరు, గట్టు మీది వీరగల్లు, ఎవరో తవ్వించిన నూతి కథ — ఇవి చెప్పగలిగినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. ఆలస్యానికి వెల కట్టలేం.

తప్పెటగుళ్లు ఆడే బృందాల పేర్లు కూడా ఆ పుస్తకంలో ఎక్కాలి. యాదవులు తరతరాలుగా కాపాడుకున్న కళ ఇది. గుండె మీద రేకు తప్పెట, కాళ్లకు బరువైన గజ్జెలు. పది పదిహేనుమంది వలయంగా కదులుతూ, రెండు చేతులా తప్పెట మోగిస్తూ, పాడుతూ, ఎగురుతూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడుతూ గంటల తరబడి ఆడతారు. గజ్జె, తప్పెట, గొంతు మూడూ ఒక్క దరువులో నడుస్తాయి, ఒక్క అడుగు తప్పితే వలయమంతా తెలిసిపోతుంది. ఇప్పుడు ప్రభుత్వ ఉత్సవాల ఊరేగింపుల్లో ఐదు నిమిషాలు ఆడించి పంపేస్తున్నారు. ఊరి జాతరలో, గంగమ్మ ముందు, రాత్రంతా ఆడినప్పుడే దాని నిండుదనం తెలుస్తుంది.

వెళ్లదలిచినవారికి అనువైన కాలం కార్తీకం నుంచి శివరాత్రి దాకా. ఎండలు ముదిరితే గురుభక్తులకొండ ఎక్కలేరు, వానల్లో రాళ్లు జారతాయి. విజయనగరంలో పొద్దున్నే బయల్దేరి, ముందు నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్లి, ఎండ పెరగకముందే కొండలు చూసి దిగండి. నీళ్ల సీసా, గట్టి చెప్పులు, వెంట ఒక స్థానికుడు ఉండాలి. సారిపల్లి చూసుకుని, మళ్లీ విజయనగరం మీదుగా సాలూరు రోడ్డెక్కి గజపతినగరం చేరొచ్చు. అక్కణ్నుంచి మెంటాడ, జయతి, ఆండ్ర. సొంత బండి లేకపోతే మెంటాడ దాకా ఆటోలు దొరుకుతాయి, ఆ పైన ఊళ్లో అడగాలి. ఎవరైనా 'గుడికాడికా బాబూ?' అని దారి చూపడానికి రెండడుగులు వెంట వస్తారు. వాళ్లతో పాటు నెమ్మదిగా నడవండి. గుడి గురించి వాళ్లకు తెలిసినది అడిగి, కాగితం మీద రాసుకోండి.